డబ్బా మాకరోనీ

కొట్లో నిలబడి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, డబ్బాను వెనక్కి తిప్పింది వెర్నా.

ముందువైపు పసుప్పచ్చటి చీజ్‌లో మునిగిన మాకరోనీ బొమ్మ. వెనకవైపు చీమల బారులాంటి అక్షరాలు.

ఆరేళ్లుగా ఆమెకు ముందువైపుతో పనిలేదు.

సోడియం ఎంతో చూసింది. భర్త హోబర్ట్‌కి రోజు మొత్తం మీద చెల్లే ఉప్పులో సగం, ఒకసారి తినే ఒక్క వంతులోనే ఉంది. డబ్బాలో రెండు వంతులని రాశారు. హోబర్ట్ లెక్కలో డబ్బా అంటే ఒక్క వంతే.

దాని కింద ఫాస్ఫేట్లు. ఒక పేరుతో కాదు, రెండు మూడు పేర్లతో.

కిడ్నీలు పోయినవాడికి అవి విషంతో సమానమని డయాలసిస్ సెంటర్లో పథ్యం చెప్పే అమ్మాయి మొదట్లోనే హెచ్చరించింది. "ముందు బొమ్మను నమ్మకండి ఆంటీ. వెనక చదవండి."

ఆమె చెయ్యి దానంతటదే డబ్బాను తిరిగి అరలో పెట్టబోయింది.

మధ్యలో ఆగిపోయింది.

డయాలసిస్ ఇక చాలన్నది హోబర్టే. "పొడిచినచోటే సూదులు పొడిపించుకుని విసిగిపోయాను వెర్నా. ఇంట్లో పడుకుంటాను."

నిన్న ఇంటికొచ్చిన నర్సు రోండా అతని దుప్పటి సర్ది, వెర్నా వైపు తిరిగింది.

"ఇక పథ్యం అక్కర్లేదమ్మా. ఆయన ఏది అడిగితే అది పెట్టండి."

హోబర్ట్ మొహం వెలిగిపోయింది. "విన్నావుటే? నీ ఉద్యోగం ఊడింది!"

రోండా నవ్వింది. వెర్నా వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

సాయంత్రం అడిగింది. "ఏం తింటావు?"

"డబ్బా మాకరోనీ."

"పంది మాంసం వేయించనా? బీన్సు, మొక్కజొన్న రొట్టె చెయ్యనా?"

"డబ్బా మాకరోనీ అన్నానా!"

కెంటకీ కొండల కింద, బొగ్గు గనిలో, పని చేసినన్నాళ్లూ అతని మధ్యాహ్న భోజనం అదే. తల మీద దీపం, ఒళ్లో డబ్బా, అందులో గుచ్చిన చెంచా.

జబ్బు చేసిన కొత్తలో కారు షెడ్డులో, రంగు డబ్బాల వెనక అతను దాచుకున్న మాకరోనీ డబ్బాలన్నీ ఆమె కంటపడ్డాయి. ఒక్కటి మిగల్చకుండా చర్చిలో పేదలకు పంచే చోట ఇచ్చేసింది.

రెండు రోజులు మాట్లాడలేదు హోబర్ట్.

మూడో రోజు అన్నాడు. "నిన్ను జైల్లో పెట్టాల్సింది. కాపలాకి."

"నా ఖైదీ ఇక్కడున్నాడుగా" అంది ఆమె.

ఆ రోజు నుంచే తనూ ఉప్పు మానేసింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఇద్దరికీ ఒకే గిన్నెలో వండుతుంటే అడగడానికి అతనికీ ఏమీ కనబడలేదు.

వెర్నా ఆ డబ్బా కొనుక్కుని ఇంటికొచ్చింది.

"ఉండు, వేడి చేసి తెస్తా."

"వద్దు. గనిలో పొయ్యి ఎక్కడేడిసింది? అలాగే ఇయ్యి."

వీపు వెనక ఇంకో దిండు పెట్టింది. అతను డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె అడుగున చెయ్యి ఆన్చింది.

మొదటి చెంచా కళ్లు మూసుకుని తిన్నాడు.

రెండోది మెల్లిగా నమిలాడు.

మూడోది నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఏమైంది?"

"ఉప్పు కషాయంలా ఉందే! మునుపు ఇలా ఉండేది కాదు. చేసేవాళ్లు మార్చేసినట్టున్నారు."

ఆమె వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంది. గొంతు మండింది.

"వాళ్లేం మార్చలేదు హోబర్ట్."

అతను చెంచాను తిరిగి డబ్బాలో గుచ్చాడు.

"అయితే నా నాలుకే పోయిందన్నమాట."

"నేనే పోగొట్టాను" అంది వెర్నా. ఆమె మొహం కిటికీ వైపు ఉంది. "నువ్వు అడిగిన ఆ ఒక్కటి కూడా నీకు రుచించకుండా చేశాను."

బయట బొగ్గు లారీ ఒకటి ఎత్తు ఎక్కలేక మూలుగుతూ పోయింది. హోబర్ట్ ఆమె వైపు తల తిప్పాడు.

"మొదట్లో ఆ పెద్ద డాక్టరు నాకెన్నాళ్లన్నాడు?"

"ఇప్పుడెందుకు అదంతా?"

"ఎన్నాళ్లన్నాడే?"

"రెండేళ్లు."

"మరి?"

"ఆరేళ్లయింది" అంది ఆమె.

డబ్బాను ఆమె చేతిలో పెట్టాడు. "ఇది అవతల పారెయ్. నువ్వు ఆదివారాలు చేస్తావే, ఆ చప్పిడి మాకరోనీ. అది చెయ్యి. మిరియాలు మాత్రం దండిగా వెయ్యి."

"నిజంగానా?"

"ఆకలేస్తోంది వెర్నా."

అతని నోట ఆ మాట విని చాలా రోజులైంది.

మాకరోనీ మెత్తగా ఉడికించింది. ఉప్పులేని వెన్న కలిపింది. మిరియాలు అప్పటికప్పుడు దంచి చల్లింది. గిన్నె పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

ఈసారి చెంచా ఆమె చేతిలోనే ఉంది. అతను నోరు తెరిచాడు. నమిలాడు. మింగాడు.

"ఆఁ" అన్నాడు.

"కాస్త చీజ్ తురమనా? ఇప్పుడు వేసుకోవచ్చుగా."

హోబర్ట్ తల అడ్డంగా ఊపాడు. "వద్దు. పథ్యంలో ఉన్నాను."

వెర్నాకి నవ్వొచ్చింది. నవ్వుతూనే గిన్నెలోకి చూసింది.

ఆ తర్వాత, గిన్నె త్వరగా ఖాళీ కాకుండా, చెంచాను సగం సగమే నింపింది.