పైన్ కొమ్మకి కట్టు

కొమ్మ టప్పున చీలింది.

యమున చేతిలోని తీగ వదిలేసింది.

అరకు నుంచి కిరండూల్ పాసింజర్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పైన్ మొక్క అది. అంతకుముందు తెచ్చినవి రెండూ కొత్తవలస ఎండకి మాడిపోయాయి. ఇదొక్కటే మూడేళ్లుగా కుండీలో బతికింది. నెలన్నరలో విశాఖలో బోన్సాయ్ ప్రదర్శన. దీన్ని అక్కడ పెట్టాలని ఆమె ఆశ.

మొక్క ఓ పక్కకి వాలి ఉంది. నిటారుగా నిలబెడదామని రాగి తీగ చుట్టి లాగింది. కింది కొమ్మ మొదట్లో చీలి వేలాడింది.

"గట్టిగా లాగీసినావమ్మా."

రైల్వే క్వార్టర్స్ గేటు దగ్గర ఎవరో ముసలాయన. మాసిన పంచె, చేతిలో కూరల సంచి.

"అతుకుతాది. పాత నూలు గుడ్డ తే. రెండు వెదురు బద్దలు కూడా."

పిలవకుండానే లోపలికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

ఉచిత సలహాలిచ్చే వాళ్లంటే యమునకి ఒళ్లు మంట. టికెట్ కౌంటర్లో రోజూ వాళ్లతోనే పని. కానీ కొమ్మ వేలాడుతోంది మరి. పాత చీర చింపి ఇచ్చింది.

ఆయన కళ్లు మూసుకుని చీలికని వేళ్లతో తడిమాడు. కొమ్మని మెల్లగా మొదటికి ఆనించి, అటూ ఇటూ బద్దలు పెట్టి, వేలెడు వెడల్పు పీలికలు ఏటవాలుగా చుట్టుకొచ్చాడు. జడ అల్లినట్టుంది.

"నలబై రోజులు ముట్టుకోకు. ఏవూరమ్మా మీది?"

"పాతపట్నం."

"ఎవరమ్మాయివి?"

"సుభద్రమ్మ టీచర్ గారి అమ్మాయిని."

ముసలాయన వేసిన ముడి విప్పి మళ్లీ వేశాడు.

"నా పేరు లక్ష్ముడు. పక్క వీధిలో కూతురింట్లో ఉంటన్నాను," అన్నాడు చివరికి.

"సరే గానీ తాతా, ఇప్పుడు దీన్నెలా నిలబెట్టాలో అది కూడా చెప్పు," అంది యమున, కాస్త వెటకారంగానే.

"నాకేటి తెలుస్తాది? సుట్టూ తిరిగి సూడు. ఎటు నుంచి బాగుంటే అదే దాని మొకం."

తిరిగింది.

"ఇంకోసారి. మెల్లగా."

మళ్లీ తిరిగింది.

"ఇప్పుడు గేటు దాకా నడిసి, అక్కణ్నుంచి సూడు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే వరస. ఆయన మెట్టు మీద కూర్చుని టీ తాగేవాడు. ఆమెని మొక్క చుట్టూ తిప్పేవాడు. చూపు మాత్రం మొక్క మీద ఉండేది కాదు, ఆమె అడుగులు పడే నేల మీద ఉండేది. కళ్లు సరిగ్గా ఆనవేమో పాపం అనుకునేది యమున.

"వంకర తియ్యకపోతే ఎలా తాతా? ప్రదర్శనలో నవ్వుతారు."

"సెట్టు నడవక్కర్లేదు గదమ్మా. వంకరగుంటే దానికేటి నొప్పి? అలాగే వాలనీ."

ఆ మాటతో తేలిపోయింది. యమున తీగలన్నీ విప్పేసింది. వాలు అలాగే ఉంచి, అడ్డంగా ఉన్న పై కొమ్మలు రెండు కత్తిరించింది. కొండ అంచున ఈదురుగాలికి ఎదురు నిలిచిన చెట్టు కుండీలోకి దిగినట్టయింది. తన చేత్తో చేసిందని ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

"బాగున్నాదమ్మా," అన్నాడు లక్ష్ముడు.

ఆ రోజు వెళ్లబోతుంటే ఆమె అంది, "వచ్చే ఆదివారం రాకు తాతా. మొక్కని చూడ్డానికి విశాఖ నుంచి ప్రదర్శన పెట్టే పెద్దవాళ్లు వస్తున్నారు."

ఆ పంచెతో ఆయన మెట్టు మీద కూర్చుంటే బాగోదనిపించింది. అంతకంటే కారణం లేదు.

"అలాగేనమ్మా." చప్పుడు కాకుండా గేటు వేసి వెళ్లిపోయాడు.

పెద్దవాళ్లు వచ్చారు, మొక్కని ఎంపిక చేశారు.

"ఈ కట్టు ఎవరు కట్టారండీ? ఏం పనితనం!" అన్నాడొకాయన.

"నేనేనండి," అంది యమున. నోట్లోంచి అలా వచ్చేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాతి ఆదివారం నలభై రోజులు దాటాయి. ఆయన చేతే కట్టు విప్పించాలని, ఆడిన అబద్ధం ఒప్పేసుకోవాలని పొద్దుటి నుంచి గేటు వైపే చూసింది. మధ్యాహ్నం దాకా ఆగి, తనే పక్క వీధికి వెళ్లింది.

లక్ష్ముడి కూతురు దేవి గుమ్మంలోకి వచ్చింది.

"నాన్న పోయి వారమైపోనాదండి. నిద్దట్లోనే పోనాడు."

యమున ఆ గుమ్మంలోనే నిలబడి ఏడ్చేసింది.

ప్రదర్శన చూద్దామని ఆ సాయంత్రమే పాతపట్నం నుంచి తల్లి సుభద్రమ్మ వచ్చింది. పైన్ మొక్క దగ్గర ఆగిపోయింది. వంగి ఆ గుడ్డ కట్టుని వేళ్లతో తడిమింది.

"ఇది లక్ష్ముడి కట్టు. ఎక్కడున్నాడే ఆయన?"

"పోయాడమ్మా, వారం కిందట. నీకెలా తెలుసు?"

సుభద్రమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుంది.

"మా మన్యం పక్క ఇరిగిన కాళ్లకీ సేతులకీ ఆయనే కట్లు కట్టేవాడు. నీకు సెప్పలేదే. రేపు నీ సంబంధాలకి అడ్డొస్తాదని ఎవరికీ సెప్పలేదు. మళ్లీ మా గుమ్మం తొక్కొద్దని, ఎవరికీ సెప్పొద్దని ఆయన చేత ఒట్టు కూడా ఏయించుకున్నాను."

"ఏటి చెప్పలేదమ్మా?"

"నువ్వు పుట్టినప్పుడు నీ పాదాలు రెండూ లోపలికి తిరిగిపోయి ఉండేవి. ఈ పిల్ల జన్మలో నడవదన్నారు. ఎనిమిది నెలలు ఎండనక వాననక వచ్చి, నూనె రాసి, కట్లు మార్చి నీ కాళ్లు తిన్నగా చేశాడే. నువ్వు తొలి అడుగు వెయ్యకముందే నేనాయన్ని పంపించేశాను. నువ్వు నడుస్తుంటే ఆయన ఒక్కసారైనా సూడలేదే యమునా."