బిస్కెట్ పాపలు

క్రిస్మస్ వస్తే జెమీమాకి క్షణం తీరికుండదు. అంత పెద్ద అపార్టుమెంటుకి మిగిలిన పిల్ల అదొక్కతే మరి. పిల్లలు లేక కిందటేడు బడి కూడా మూసేశారు. పండక్కి అల్లం బిస్కెట్లతో బొమ్మరిల్లు కట్టాలంటే పక్కన ఓ పిల్ల ఉండాలని, ఫ్లాట్లవాళ్లంతా వంతులేసుకుని దాన్ని పిలుచుకుంటారు.

ఈరోజు ఆఖరి వంతు కరుణాంటీది. ఆంటీ బెల్లం పాకం పట్టింది, అంకుల్ గోడలు కదలకుండా పట్టుకున్నాడు, జెమీమా కప్పు అతికించింది. చివర్న ఆంటీ రెండు జడల బిస్కెట్ పాపను గుమ్మంలో నిలబెట్టి, "ఇది నువ్వేనే బంగారం," అంది. ప్రతి ఫ్లాట్లోనూ అదే పాప, అదే మాట.

"కేకు పట్టుకెళ్తావా తల్లీ?" అనడిగాడు అంకుల్.

"వద్దంకుల్. ఈ పాపనిచ్చేయండి, చాలు."

ఇంటికొచ్చి, అన్ని ఫ్లాట్లలోనూ అలాగే అడిగి తెచ్చుకున్న పాపలన్నిటినీ నేలమీద గుండ్రంగా పేర్చింది. దాగుడుమూతలాటకి దొంగెవరో తేల్చడానికి, ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ పంటలేసింది.

"ఎవరే దొంగ?" అంటూ వంటింట్లోంచి తొంగిచూసింది తల్లి.

జెమీమా వేలు ఆగిన పాపకేసి చూసింది. తర్వాత మిగతావాటికేసి చూసింది. అన్నిటికీ అవే రెండు జడలు.

"ఎవరైనా నేనేగా అమ్మా," అంది.