గ్రహణం విడిచాక

చంద్రగ్రహణం పట్టగానే నెక్కొండలో ఆ ఇంటి దీపాలు ఆర్పేశారు. రజితకు ఏడో నెల. గదిలో వెల్లకిలా పడుకుంది. వారాలుగా ఆమెకు నిద్ర లేదు. లేని చప్పుళ్లు వినిపిస్తున్నాయని డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.

కాపలాగా పక్కనే కూర్చుంటానంది అత్త. మంచం పక్కన కుర్చీ కిర్రుమంది.

“అత్తమ్మా, నడుం గుంజుతాంది. జర పక్కకు తిరగనా?”

“కదలకు బిడ్డా. కడుపులున్నదానికి మంచిది కాదు.”

“అదీ కదుల్తలేదు అత్తమ్మా, పొద్దుగూకినకాన్నుంచి.”

కడుపు మీద ఒక చెయ్యి పడింది. చల్లగా ఉంది. స్టేషన్ వైపు గూడ్సు బండి పోయింది. ఆ చెయ్యి అలాగే ఉంది.

తలుపు అవతల నుంచి అత్త పిలిచింది.

“రజితా, గ్రహణం ఇడిసింది. లేచి తానం చెయ్యి. నేను హాల్లనే ఒరిగి నిద్రవోయిన. నీకన్న నిద్ర పట్టిందా?”

రజిత లేవబోయింది. కడుపు మీద చెయ్యి బిగిసింది.

“కదలకు బిడ్డా.”