బోణీకి రాని అవ్వ

“ఆ ముసలామె ఈ రోజు కూడా వచ్చిందా?”

మదనపల్లె నుంచి మొదటి బస్సులో వచ్చి పుంగనూరులో దిగుతూనే సింధూజ అడిగిన మాట అది.

బియ్యప్పిండిని సన్నటి పోగుల్లా ఒత్తి ఆవిరిమీద ఉడికించే ఇడియాప్పం బండి వెనక నిలబడ్డ తిలగవతి కళ్లతోనే రోడ్డు అవతలికి చూపించింది.

వచ్చింది. మందుల అంగడి పక్కన, నెరిసిన తలమీద కొంగు కప్పుకుని, బొట్టులేని నుదుటితో, కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

దారిన పోయేవాళ్లను ఆపుతుంది. బండివైపు చెయ్యి చూపించి ఏదో చెబుతుంది. కొందరు తల అడ్డంగా ఊపి వెళ్లిపోతారు. తను మాత్రం ఏనాడూ రోడ్డు దాటి ఇటు రాలేదు. ఒక్క ఇడియాప్పం కొన్న పాపాన పోలేదు.

పరాయి దేశం మనిషి చేతి కూడు తినొద్దని చెబుతోంది కాబోలు అనుకుంది సింధూజ. ఒళ్లు మండింది.

మండదా మరి! శ్రీలంకలో బతుకు కరువై, కూతురి చెయ్యి పట్టుకుని పడవెక్కిన మనిషి తిలగవతి. అలా వచ్చినవాళ్లకు బతుకుతెరువు చూపించే చిన్న సంస్థలో సింధూజ ఉద్యోగి. తల్లీకూతుళ్లు కుప్పంలో రైలు దిగినప్పుడు ఎదురెళ్లింది తనే. అద్దెకు ఇల్లు చూసింది, పిల్లను బడిలో చేర్పించింది, ఈ తోపుడుబండి ఇప్పించింది.

ఉగాదిలోపు ఈ బండిమీద వాళ్లు బతకగలరని తేలాలి. తేలకపోతే మళ్లీ తమిళనాడులోని శరణార్థుల శిబిరానికే పోవాలి.

సింధూజ విసవిసా రోడ్డు దాటింది.

“ఏమవ్వా, వచ్చేవాళ్లని యాల చెడగొడతాండావు?”

“లేదు తల్లీ, నేను...”

“పొద్దున్నే నీ మొగం సూస్తే ఆమెకి బోణీ అవతాదా?”

అనేసింది. మొగుడు పోయిన మనిషిని అనకూడని మాట. ఇలాంటి నమ్మకాలు తప్పని ఊరూరా మీటింగులు పెట్టి చెప్పేది కూడా ఆ నోరే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోగలమా?

అవ్వ కోప్పడలేదు.

“నిజమే తల్లీ. అందుకే గదా నేను రోడ్డు దాటంది,” అంటూ కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మాట సింధూజకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

మరునాడు అవ్వ రాలేదు. పీడ విరగడైంది అనుకుంది సింధూజ.

కానీ ఆ రోజు ఎండ నెత్తికెక్కినా బండి దగ్గర ఎవరూ ఆగలేదు. ఒకరు తింటుంటే చూసి పదిమంది వస్తారు. ఆ ఒక్కరే రాలేదు.

ఆ తర్వాత రోజులూ అంతే. మిగిలిన ఇడియాప్పాలు ఆరి గట్టిపడ్డాయి. తిలగవతి కూతురు మధ్యాహ్నం అవే తిన్నది, రాత్రీ అవే తిన్నది.

“ఆ బండి నడుస్తాండాదా?” అని మదనపల్లె ఆఫీసునుంచి ఫోను.

“నడుస్తాండాది సార్,” అని సింధూజ అబద్ధం చెప్పింది.

తిలగవతి వచ్చీరాని తెలుగులో అంది. “చేయి కూడా బాగా రావడం లేదమ్మా. ఈ రేకు గొట్టంతో ఒత్తితే పోగులు తెగిపోతాయి. మా అమ్మది చెక్క గొట్టం. పడవలో చోటు లేదంటే వదిలేసి వచ్చాను.”

రేకు గొట్టం పక్కన పెట్టి అడిగింది. “మళ్లీ క్యాంపుకేనా అమ్మా?”



అప్పుడే ఒక ఆటో వచ్చి ఆగింది. దాన్ని నడిపే బైరప్ప తల బయటికి పెట్టాడు.

“కుప్పానికి బాడుగ పోయి నాలుగు దినాలకి ఇప్పుడే వస్తాండా. అవ్వ యాడమ్మా, అగపడలేదే?”

“ఏ అవ్వ?”

“మునిలక్ష్మమ్మవ్వ. బోణీకి నన్నో ఇంగొకర్నో ఈడికి తోలేది ఆమే గదా!”

సింధూజ ఆటో దగ్గరికొచ్చి కమ్మీ పట్టుకుంది. “ఏమని చెప్పేది?”

“‘నా చేయి మంచిది కాదు నాయనా, నువ్వు పోయి బోణీ చెయ్. ఆ పిల్ల సముద్రం దాటి వచ్చుండాది’ అనేది. కొందరు పోమనేవాళ్లు గానీ, ఆమె వదిలేది గాదు. ఇంగొకర్ని పట్టుకునేది.”

“అవ్వ ఇంటికి పోనియ్యన్నా,” అంటూ సింధూజ ఆటో ఎక్కింది. తిలగవతి బండిమీద గుడ్డ కప్పి వెనకే ఎక్కింది.

సందు చివర చిన్న పెంకుటిల్లు. తలుపు తెరిచే ఉంది. లోపల నేలమీద, పట్టపగలు, ఒక్కటే దీపం వెలుగుతోంది. అది చూడగానే సింధూజ గడప బయటే ఆగిపోయింది.

పక్కింటి రామలక్ష్మమ్మ బయటికి వచ్చింది.

“మొన్న పాయె తల్లీ. నిద్దట్లోనే. నా అన్నవాళ్లు లేరు. మేమే మోసినాం.”

ఆమె తిలగవతిని ఎగాదిగా చూసింది.

“ఆ బండి పిల్లవి నువ్వేనా? ఉండు.”

లోపలికి పోయి, పాత చీర గుడ్డలో కట్టిన మూట తెచ్చి ఇచ్చింది.

“ఇది నీకిమ్మనింది. నువ్వే పోయి ఇయ్యరాదా అవ్వా అంటే, ‘నా మొగం సూస్తే ఆ పిల్లకి బోణీ కాదంటలే’ అనింది.”

 అవ్వ కాళ్లమీద పడి ఏడవాలనిపించింది సింధూజకు. ఆ ఇంట్లో దీపం తప్ప ఎవరూ లేరు.

తిలగవతి మూట విప్పింది.

ఇడియాప్పం ఒత్తే చెక్క గొట్టం. ఏళ్ల తరబడి చేతులు పడి నల్లగా నున్నబడి ఉంది.

“అచ్చం మా అమ్మదే!” అని దాన్ని గుండెకు హత్తుకుని బావురుమంది తిలగవతి.

“అవ్వకి ఇది యాడిది?” అడిగింది సింధూజ.

“వయసులో ఈ పిల్ల మాదిరే సిలోను నుంచి పడవ దిగినప్పుడు, ఆమె చేతిలో ఉండింది అదొక్కటేనంట,” అంది రామలక్ష్మమ్మ.