పక్కింటి తోడు

ఇప్పుడు టీకా మందును కూడా పెరుగులాగే ఇంట్లోనే తోడు పెట్టుకుంటున్నారు. ఇవాళ డబ్బాలో తోడు వేస్తే రేపటికి డబ్బా నిండా వైరస్ డొల్లలు తయారవుతాయి. పైకి వైరస్‌లాగే ఉంటాయి, లోపల రోగం మాత్రం ఉండదు. మూడుసార్లు వడపోసి ముక్కులో చుక్కలు వేసుకోవడమే.

భ్రమరాంబగారికి మూడు వడపోతల శుద్ధి చాలలేదు. మడి కట్టుకుని డబ్బాలో పసుపునీళ్లు కూడా చిలకరించారు. దాంతో తోడు కాస్తా చచ్చింది. ఊరంతా జ్వరాలు. మనవరాలికి మూడేళ్లు.

"పక్కింటి సలోమి తోడు ఇస్తానంది. తెచ్చేస్తాను అత్తయ్యా" అంది కోడలు హైమ.

"చేపలు వండే ఇంటి తోడా? మన పిల్ల ముక్కులోకా?"

హైమకు ఒళ్లు మండింది. "ఈ డొల్లల్ని తయారుచేసేవి గొంగళిపురుగు కణాలు అత్తయ్యా. ఇన్నాళ్లూ మీరు మడి కట్టుకుని పెంచింది పురుగునే!"

భ్రమరాంబగారు అర నిమిషం ఆలోచించారు. లోపల మనవరాలు దగ్గింది.

"పురుగైతే ఏం? ఆకులు తిని బతికేదేగా. మనింట్లో ఉన్నన్నాళ్లూ మన పద్ధతిలోనే ఉంది. వాళ్లింట్లో పెరిగినదానికి ఏం అలవాటైందో ఎవరు చూశారు?" అన్నారు.