సిలువ మోసేదెవరు?

“సిగ్గుందా మీకు? గుడికి తాళం వేస్తే వేశాడని నోళ్లు మూసుకున్నారు. చేలు ఎండబెట్టింది ఎండ కాదురా, మీరు!”

నికనోరా కేక గుడి ముంగిట నిలబడ్డ మగాళ్లందరికీ తగిలింది. ఒక్కడూ తలెత్తలేదు. గుడి పెద్ద మెలితోన్ మాత్రం టోపీని చేతుల్లో నలుపుతూ, “మెల్లగా అత్తా, ఫాదర్ లోపలే ఉన్నాడు,” అన్నాడు.

“ఆయన వినాలనే అరుస్తున్నా.”

మే మూడో తేదీ, సిలువ పండగ. ఊరంతా కలిసి నీలిరంగు సిలువను అగ్నిపర్వతం మీది గుహ దాకా తీసుకెళ్లి, దానికి కొత్త బట్ట కట్టి, వాన తెచ్చే గాలులకు టర్కీ కోడి కూర వడ్డించాల్సిన రోజు. తాతలు గుహకే మొక్కారు. తర్వాత సిలువ వచ్చింది. రెంటికీ కలిపి మొక్కడం అలవాటైంది. అందులో తప్పేముందో ఏ బిషప్పూ ఆ ఊరికి అర్థమయ్యేలా చెప్పింది లేదు. చేలల్లో మొక్కజొన్న జానెడెత్తున వాడిపోయి ఉంది. ఇంకో వారం వాన లేకపోతే ఏడాదంతా పస్తులే. నాలుగు నెలల కిందట వచ్చిన కుర్ర ఫాదర్ అన్సెల్మో మాత్రం సిలువను లోపల పెట్టి తాళం వేశాడు.

పక్క తలుపు తీసుకుని ఆయన బయటికి వచ్చాడు. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు.

“తాళం చెవి ఇవ్వండి, ఫాదర్,” అంది నికనోరా.

“ముందు నేనడిగేవాటికి జవాబు చెప్పండమ్మా.”

మెలితోన్ ఆమెను మోచేత్తో పొడిచాడు. “చెప్పకత్తా! ఇదంతా బిషప్‌కి పంపుతాడు. పక్కూళ్లో ఇలాగే రాసుకెళ్లి వాళ్ల గుహకి ఇనుప తలుపు బిగించారు.”

“పంపనీరా. ఆ బిషప్ తినే రొట్టె మాత్రం వాన లేకుండా వస్తోందా?”

వెనక ఎవడో కిసుక్కున నవ్వి, ఫాదర్ చూడగానే దగ్గాడు.

“సిలువ ఎవరు మోస్తారు?” అన్సెల్మో పుస్తకం తెరిచి అడిగాడు.

“పిడుగు పడి బతికినవాడు. కొండే ఏరుకుంటుంది వాణ్ణి. ముప్ఫయ్యేళ్లు నా మొగుడు మోశాడు. పోయి రెండేళ్లయింది.”

“మరి కిందటేడు?”

“పిడుగు పడ్డవాడెవడూ లేక అందరం తలా ఒక చెయ్యి వేశాం. వడగళ్లు పడి పైరంతా పోయింది.”

ఆయన కాగితం చిరిగేలా రాసుకున్నాడు.

“పిడుగు పడ్డవాడు మోయనంటే?”

“అత్తా, ఇక చాలు!” అన్నాడు మెలితోన్.

“నువ్వూరుకోరా. మోయకపోతే వాడికి నిద్ర పట్టదు, ఫాదర్. తిన్నది ఒంటికి పట్టదు. ఊరు మారినా వదలదు.”

“ఇదంతా సైతాను పనే అంటే?”

“అనుకోండి. నా మొగుడు పోయేముందు మీ గుళ్లోనే సత్ప్రసాదం తీసుకున్నాడు. అదీ రాసుకోండి.”

అన్సెల్మో రాయలేదు. “ఒకసారి మోశాక మానెయ్యొచ్చా?”

“చచ్చేదాకా కుదరదు.”

ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. మగాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. నికనోరా ముందుకు జరిగింది.

“నా పేరు రాసుకోలేదేం? నికనోరా. బిషప్‌కి నా ఒక్కదాని పేరే పంపండి, వీళ్ల జోలికి పోవద్దు. తాళం మాత్రం తీయండి. పొద్దెక్కుతోంది.”

ఆయన తాళం తీసి లోపలికి వెళ్లాడు. కాసేపటికి సిలువను ఒంటరిగా భుజాన ఎత్తుకుని బయటికి వచ్చాడు.

“తగలబెడతాడు!” అని అరిచాడు మెలితోన్.

మగాళ్లకు అప్పుడొచ్చింది పౌరుషం. మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డారు. అందరికన్నా ముందు నికనోరా రెండు చేతులూ చాచి నిలబడింది.

“దించండి దాన్ని! పిడుగు పడి బతికినవాడే మోయాలని చెప్పానా లేదా?”

అన్సెల్మో దించలేదు.

“నామీద పిడుగు పడిందమ్మా, దారి చూపండి.”