తూనీగ చెవిపోగు

"ఇక చాలు. నా మనసు నిండింది. పోటీల నుంచి తప్పుకుంటున్నాను."

ఫోన్ తెర మీద తూనీగ నవ్వుతూ ఆ మాట చెప్పి, మైకు పక్కన పెట్టేసింది. మంచు మీద ఆమె స్కేటింగ్ చూసి అభిమానులు ముద్దుగా పెట్టుకున్న పేరది.

వీడియోను బుల్లి వెనక్కి జరిపి మళ్లీ చూసింది. బకెట్లో నీళ్లు చల్లారిపోయినా పాదాలు తియ్యలేదు.

"అబద్ధం," అంది.

వదిన చెంబుతో ఇంకాస్త వేడినీళ్లు తెచ్చి, కాళ్లకు చురుక్కుమనకుండా అంచు మీదుగా పోసింది.

"ఏది అబద్ధం?"

"చూడు వదినా. 'మనసు నిండింది' అన్నప్పుడు చెవిపోగు పట్టుకుంది. ఆమధ్య ఒళ్లు కాలిపోతుంటే 'బాగానే ఉన్నా'నని చెప్పినప్పుడూ ఇంతే."

"అంతమంది జనంలో అది నీ ఒక్కదానికే కనపడిందా?"

"నేను దగ్గర్నుంచి చూశాను."

"చూస్తావులే. నిన్నెవరైనా చూస్తే బావుండునని మేం కొట్టుకుంటుంటే, నీ కళ్లెప్పుడూ ఆవిడ మీదే."

బుల్లి పడుకునే మంచం పైన గోడ నిండా తూనీగ ఫొటోలే. వదిన వాటికేసి ఓసారి చూసి, చెంబు కింద పెట్టింది.

"ఏమైతేనేం, పీడ విరగడైంది. మీ అన్నయ్య పొద్దుట్నుంచీ కొట్లో ఈల వేసుకుంటూ కళ్లజోళ్లు తుడుస్తున్నాడు."

"మీకు పండగలా ఉందన్నమాట."

"ఉంది. కావాలంటే చూసుకో, నా చెయ్యి చెవి మీద లేదు."

బుల్లికి నవ్వు రాలేదు. మోకాలు దెబ్బతింటే దాచిపెడుతోందా? కోచ్‌తో చెడిందా? లేకపోతే... ఆ మూడో అనుమానం వదినతో కూడా అనలేకపోయింది. అదే నిజమైతే ఆ గోడ మీద ఒక్క ఫొటో కూడా ఉంచదు. అన్నీ తన చేత్తోనే చింపేస్తుంది.

మర్నాడు స్టేడియానికి వెళ్లింది. తూనీగ చివరి సంతకం కోసం జనం రోడ్డు మలుపు దాకా వరస కట్టారు. గేటు దగ్గరి కాపలాదారు బుల్లిని చూసి పక్క తలుపు తీశాడు.

"లోపలే ఉన్నారమ్మా."

"మేం తెల్లారక ముందు నుంచీ నిలబడ్డాం. ఆవిడకేమిటట స్పెషలు?" అని వరసలోంచి ఎవరో గొణిగారు.

"ఆవిడ సంగతి వేరులెండి," అన్నాడతను.

లోపల రబ్బరు పట్టాల వాసన, మంచు చలి. తూనీగ మెట్లు దిగి వస్తోంది. బుల్లి ఆమె మొహంకేసి చూడలేదు, మోకాళ్లకేసి చూసింది. రెండేసి మెట్లు ఒక్కసారే దిగుతోంది. కుంటు లేదు. వెనకాలే కోచ్ ఆమె సంచీ మోస్తూ, ఏదో చెప్పి నవ్విస్తున్నాడు.

రెండు అనుమానాలు అక్కడే తీరిపోయాయి. ఇక మిగిలింది ఆ మూడోదే.

"వస్తావనుకున్నా," అంది తూనీగ.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. చెవిపోగు పట్టుకోకుండా చెప్పు."

తూనీగ తెల్లబోయి తన చెయ్యి చూసుకుంది. "అది కూడా కనిపెట్టావుటే?"

"ఎవరి మీదన్నా జాలిపడి తప్పుకుంటున్నావా?"

తూనీగ కోచ్‌ను వెళ్లమని సైగ చేసింది. గోడ వారనున్న బల్ల మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. బుల్లి కూర్చోలేదు. తూనీగ చెయ్యి చెవి దాకా లేచింది. ఆగింది. మెల్లగా ఒళ్లోకి దిగింది.

"జాలి కాదే, భయం, వచ్చే నెల నీ చేతిలో ఓడిపోతానని తెలిసిపోయింది," అంది తూనీగ, ఇన్నేళ్లుగా పతకాల వేదిక మీద తన పక్కనే రెండో మెట్టున నిలబడి చప్పట్లు కొట్టిన అభిమానితో.